రాయి కట్టిన పొట్లకాయ

పేరిందేవమ్మ గారిని ఎవరేం అడిగినా సరే, ముందు "మడికి నీళ్ళు పెట్టావా?" అని ఎదురడిగేవారు. మోక్షం గురించి అడిగినవాడికీ అదే, మోకాళ్ళ నొప్పి గురించి అడిగినవాడికీ అదే. కాలువ గట్టు దిగువన ఆవిడ మఠం. మఠమంటే పెద్ద కట్టడం అనుకునేరు. రెండు గదులు, ఓ వంటపాక, వెనకాల అరెకరం కూరగాయల తోట, అంతే. ఆ తోటను మడులుగా విడగొట్టి, వేసవి రాగానే శిష్యుల్లో ఒక్కొక్కరికీ ఒక్కో మడి అప్పజెప్పేవారు. ఎవరి మడి వాళ్ళదే, కాసింది మాత్రం అందరిదీ. శనివారం నాడు వంటపాక ముందు గంపల్లో తెచ్చి పోస్తే వచ్చినవాళ్ళందరికీ కూరలయ్యేవి. శాస్త్రం వినడానికి వస్తే పలుగూ పారా చేతికిచ్చారని అలిగి వెళ్ళిపోయినవాళ్ళూ లేకపోలేదు. ఆవిడ పోయినవాళ్ళను పిలిచిందీ లేదు, ఉన్నవాళ్ళను పొగిడిందీ లేదు.

ఆ ఏడు చైత్రంలో సోమలింగం అనే వడ్రంగి ఆవిడ ముందు కూర్చున్నాడు. అంతకుముందు కూడా వచ్చేవాడు గాని, వెనక వరసలో కూర్చుని నాలుగు మంచి మాటలు విని దణ్ణం పెట్టి పోయేవాడు. ఈసారి దగ్గరగా జరిగి అడిగాడు.

"అమ్మగారూ, నా మాటే నా కొడుకుని చంపిందాండి? ఔననైనా చెప్పండి, కాదనైనా చెప్పండి. ఏదో ఒకటి తేల్చెయ్యండి."

ఆవిడ అతని మొహం వంక చూసి, "గట్టు పక్క మడిలో బెండకాయలు ముదిరిపోతున్నాయి లింగం. ఆ మడి ఎవరూ తీసుకోలేదు. నువ్వు తీసుకో," అన్నారు.

సోమలింగానికి ఒక్కడే కొడుకు, చంద్రమౌళి. ఇంట్లో మౌళీ అనేవారు. ఉలి పట్టడం వచ్చింది, చిత్రిక పట్టడం వచ్చింది, ఎత్తు ఎక్కడం మాత్రం రాలేదు. ఎక్కితే కళ్ళు తిరిగేవి. కార్తీకంలో ఓ పెంకుటింటికి దూలాలు ఎత్తుతుంటే, వాడు ఎప్పటిలాగే కింద నిలబడి మేకులూ సుత్తీ అందిస్తున్నాడు. పైనున్న తండ్రి పనివాళ్ళందరూ వినేలా, నవ్వుతూనే అన్నాడు. "వడ్రంగి ఇంట పుట్టి దూలం ఎక్కడానికి భయమేంట్రా? పోన్లే, కిందే ఉండు. సాయంత్రం గాజులు కొనిపెడతాను." పనివాళ్ళు నవ్వారు. మౌళి నవ్వలేదు. లుంగీ ఎగ్గట్టి, మారుమాట లేకుండా నిచ్చెన ఎక్కాడు. దూలం మీద నాలుగడుగులు కూడా పూర్తిగా వెయ్యలేదు.

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. ఆ సామెత కట్టినవాడెవడో దూలం మీద నిలబడి ఎరగడు. ఆ ఇంట్లో రెండూ జారాయి, కొడుక్కి కాలు, తండ్రికి నోరు. రెండింట్లో ఏదీ వెనక్కి రాలేదు.

ఆ తర్వాత చెప్పేవాళ్ళు చాలామందే దొరికారు. పురోహితుడు ఆయువు తీరిందన్నాడు. బావమరిది నువ్వు అనకపోయినా జరిగేదే అన్నాడు. పనివాళ్ళలో పెద్దవాడు, కల్లు తాగినప్పుడు, ఆ మాట అనకుండా ఉండాల్సింది మేస్త్రీ అన్నాడు. సోమలింగం అందరి మాటలూ విన్నాడు, ఒక్కటీ లోపలికి దిగలేదు. ఒక్క మనిషి మాట కోసం మాత్రం కాచుకుని ఉన్నాడు. అతని భార్య సత్యవేణి పెదవి విప్పడం మానేసింది. పొద్దున్నే కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేది, మధ్యాహ్నం కంచం పెట్టేది, పెట్టి లోపలికి పోయేది. తిట్టినా బాగుండేది. జుట్టు పట్టుకుని కొట్టినా, హమ్మయ్య, ఇంకా నా పెళ్ళామే అనుకునేవాడు. అంతా నావల్లే అనుకుంటోంది కాబోలు, ఆ మాట నాతో అనడం కూడా దండగ అనుకుంటోంది కాబోలు అని అతను తీర్మానించుకున్నాడు. ఔనో కాదో తేలితే గాని ఆమె మొహం చూడలేననిపించింది. అందుకే వచ్చి అమ్మగారిని అడిగాడు. అడిగితే బెండకాయలు కొయ్యమన్నారు.

కోశాడు. ఏం చేస్తాడు మరి, ఇంట్లో ఉండలేడాయె. తెల్లవారకముందే వచ్చేవాడు, ఎండ ఎక్కేలోపు నీళ్ళు పెట్టాలి కనుక. వైశాఖంలో కాలువకు నీళ్ళు కట్టేశాక కాలువ అడుగునే గుంట తవ్వి, ఊరిన నీళ్ళు ముంతతో తోడి బిందె నింపుకుని గట్టు ఎక్కేవాడు. బెండకాయ రోజు విడిచి రోజు కొయ్యాలి, ఒక్క పూట ఏమరితే పీచు తేలి పశువులకు తప్ప పనికిరాదు. తోటకూర కోసి కట్టలు కట్టాలి, దోస ఆకుల మీద పొద్దుటి తేమ ఆరకముందే బూడిద చల్లాలి, వంగ మొదళ్ళకు ఎండుగడ్డి కప్పాలి. చేతులు పని చేస్తూనే ఉండేవి, లోపల మాత్రం ఆ నిచ్చెన దగ్గరి నవ్వే వినబడుతూ ఉండేది. పని మరిపిస్తుందంటారే, అదంతా ఒట్టి మాట. మరిపించలేదు. సాయంత్రానికి ఒళ్ళు నొప్పి పుట్టించి, మనసు నొప్పికి ఓ తోడు ఇచ్చేది, అంతవరకే.

అతని మడిలో పొట్లపాదు ఉంది. పాదుకు పందిరి వెయ్యమంటే, పాత గుంజలు తెచ్చి, తాడు పట్టి చూసి మరీ పాతాడు. ఆ తోటలో అంత తిన్నని పందిరి ఇంకోటి లేదు. చుట్టుపక్కల మడులవాళ్ళు వచ్చి చూసిపోయారు. పిందెలు దిగాయి. పొట్లపిందెను దాని మానాన వదిలేస్తే మెలికలు తిరుగుతుంది. అందుకని జానెడు పెరగగానే కొసకు దారంతో చిన్న రాయి కట్టి వేలాడదీస్తారు. ఆ బరువుకు కాయ తిన్నగా సాగుతుంది. మన పెరళ్ళలో తరతరాలుగా చేస్తున్నదే. సోమలింగమూ కట్టాడు. ఆలోచించి కట్టలేదు, చిన్నప్పుడు వాళ్ళ నాన్న కట్టగా చూసిన చేతులు, వాటంతట అవే కట్టేశాయి. కాయలన్నీ గోడకు వేసిన తూకపు దారాల్లాగా నిలువుగా దిగుతుంటే, కార్తీకం తర్వాత మొదటిసారి అతనికి దేన్నైనా చూస్తూ నిలబడాలనిపించింది.

ఓ రోజు పొద్దున్నే వచ్చేసరికి, పందిరి కింద ఒక కాయ నేల మీద పడి ఉంది. అన్నిటికన్నా బాగా సాగిన కాయ. కొసన రాయి ఇంకా కట్టే ఉంది. పైన తొడిమ తెగిన చోట నుంచి పసరు కారుతోంది.

సోమలింగం చేతిలో బిందె అక్కడే దించేశాడు. కాయ పక్కన చతికిలబడ్డాడు. తర్వాత లేచి, నడుముకున్న చాకు తీసి, పందిరికి వేలాడుతున్న ప్రతి కాయ దారమూ కోసేశాడు. రాళ్ళు టపటపా రాలాయి. పక్క మడిలో కలుపు తీస్తున్న వాళ్ళు తలెత్తి చూసి, ఎందుకొచ్చిందిలే అని మళ్ళీ వంచుకున్నారు. పడిన కాయను రెండు చేతులా ఎత్తుకుని అమ్మగారి దగ్గరకు వెళ్ళాడు.

"నాకు జవాబు దొరికిందండి. మీరు చెప్పక్కర్లేదు. నేనే కట్టానండి రాయి. తిన్నగా ఉండాలని కట్టాను. తెంపేశాను." చెబుతూంటే అతని గొంతులో ఏడుపుతో పాటు ఓ రకమైన నిమ్మళం కూడా ఉంది. ఉరిశిక్ష పడినవాడికి సైతం, తీర్పు వినేశాక కాస్త నిద్ర పడుతుందంటారు.

అమ్మగారు కాయ అందుకుని, తొడిమ దగ్గర బొటనవేలితో తడిమి చూశారు. కత్తిపీట తెమ్మని, అక్కడే నిలువునా చీల్చారు. తొడిమ కింద లోపలంతా తొలిచి ఉంది. తెల్లని పురుగు ఒకటి వెలుగుకు మెలికలు తిరిగింది.

సోమలింగం వంగి చూశాడు. అతని మొహం ఒక్కసారి వెలిగింది. ఆ వెలుగు చూడటానికే భయమేసేలా ఉంది. "అయితే రాయి కాదాండి? పురుగు తినేసిందాండి? రాయి కట్టకపోయినా పడిపోయేదేనాండి?"

"పురుగూ ఉంది," అన్నారావిడ. "రాయీ ఉంది."

"ఏదండి మరి తెంపింది?"

ఆవిడ కొసన దారం తెంపి రాయి పక్కన పెట్టి, పురుగు పట్టిన మేర కోసి అవతల పారేశారు. మిగిలింది అతని చేతిలో పెట్టారు. "ఇంకా లేతగానే ఉంది. శనివారం దాకా ఆగదు. ఇంటికి పట్టుకెళ్ళి వండుకోండి," అని లోపలికి వెళ్ళిపోయారు.

సోమలింగానికి కోపమొచ్చింది. గురువంటే ఇదేనా అనుకున్నాడు. ఉన్న జవాబు కాస్తా ఊడబెరికి, కూర చేసుకోమని చేతిలో పెట్టింది. దారిలో కాలువలో విసిరేద్దామని రెండుసార్లు చెయ్యెత్తి, అన్నం పెట్టే వస్తువు పారెయ్యడానికి చెయ్యాడక, ఇంటికి తెచ్చి వంటింటి గడప మీద పెట్టాడు.

సత్యవేణి వచ్చి తీసింది. పీట వేసుకుని కూర్చుని, ముక్కలు చెయ్యబోతూ, కొస దగ్గర ఆగింది. దారం ఒరుసుకున్న గాటు అక్కడ పచ్చగా కనిపిస్తోంది. దాని మీద వేలు పెట్టి అడిగింది.

"రాయి కట్టారా?"

ఆ గొంతు విని సోమలింగం ఉలిక్కిపడ్డాడు. అంత కాలానికి విన్న మొదటి మాట.

"కట్టాను," అన్నాడు.

"తెగిందా?"

"తెగింది."

ఆమె తలవంచుకుని కొయ్యడం మొదలుపెట్టింది. ముక్కలన్నీ ఒకే కొలతలో, మౌళికి ఎలా ఇష్టమో అలాగే, సన్నగా. సగం అయ్యాక, కత్తిపీట మీద నుంచి కళ్ళెత్తకుండానే అంది.

"ఆ రోజు వాడు పనికి వెళ్ళనన్నాడండి. ఒంట్లో బాగాలేదన్నాడు. చెయ్యి పట్టి చూశాను, వెచ్చగానే ఉంది. అయినా, నాన్నకి కోపమొస్తుంది వెళ్ళు నాయనా అని, చద్దన్నం పెట్టి నేనే పంపానండి." ఇంకో ముక్క కోసి, "నేను పంపకపోతే మంచం మీద పడుకుని ఉండేవాడు," అంది.

ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో తననే వేలెత్తి చూపుతోందని సోమలింగం అనుకున్న మౌనం అతని గురించి కానే కాదు. ఆమె మొహం తప్పించింది అతన్ని అసహ్యించుకుని కాదు, తన తప్పే అనుకుని అతని మొహం చూడలేక. గోడకు ఇటుపక్క ఇతను, అటుపక్క ఆమె, ఒకే ప్రశ్నను ఎవరికి వారు దిగమింగుకుంటూ కూర్చున్నారు.

"అదేం మాటే," అన్నాడు. మాటలు వాటంతట అవే వచ్చేశాయి. "నీ తప్పేముంది అందులో? తల్లివి, పనికి పొమ్మన్నావు. అలా జరుగుతుందని కలగన్నావా? నీ తప్పు కాదు వేణీ. నా మాట విను. నీ తప్పు కానే కాదు."

ఆమె అతని వంక చూసింది. పురోహితుడి వంక, బావమరిది వంక తను ఎలా చూశాడో సరిగ్గా అలాగే చూసింది. "ఊరుకోండి," అని ముక్కలు గిన్నెలోకి తీసి, పొయ్యి ముట్టించడానికి లేచింది. పాలు పోసి వండింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఎవరికీ సయించలేదు.

మర్నాడు తోటకు వచ్చేసరికి, రాళ్ళు తీసేసిన కాయల కొసలు అప్పుడే వంకరపోతున్నాయి. అమ్మగారు గట్టు మీద కూర్చుని గోంగూర కట్టలు కడుతున్నారు. సోమలింగం వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, జరిగిందంతా చెప్పాడు. చెప్పి కండువాతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఆవిడ ఏడవనిచ్చారు.

"నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నానండి," అన్నాడు కాసేపటికి. "ఇప్పుడు ఇద్దరం అయ్యాం. బరువేం తగ్గలేదు. దాని తప్పు కాదని నాకు తెలుసండి. ఒట్టేసి చెప్పగలను. నా సంగతే నాకు తెలియదు."

"ఆ మాట ఆవిడతో చెప్పావా?"

"చెప్పానండి. నీ తప్పు కాదని చెప్పాను."

"నమ్మిందా?"

"లేదండి."

ఆవిడ చేతిలో ఉన్న కట్ట బిగించి ముడి వేశారు. ఎండ అప్పుడే గట్టు దాటి మడుల్లోకి దిగుతోంది. ఇంకేమైనా అంటారేమోనని సోమలింగం తలెత్తి చూశాడు.

"నమ్మదు లింగం," అన్నారావిడ. "రేపు కూడా చెప్పు."