బూడిద పట్టని గుమ్మడికాయ

అనగనగా మన ఊరిలాంటి ఒక ఊళ్ళో, మన మేడలాంటి ఒక మేడ ఉండేది. నాలుగంతస్తులు, పైన డాబా. డాబా మీద నీళ్ళ ట్యాంకు, దాని పక్కన ఒక్క గది. ఆ గదిలో వాచ్‌మన్ అప్పన్న, అతని పెళ్ళాం వరాలమ్మ ఉండేవాళ్ళు.

"మన వరాలమామ్మేనా?" అంటావేం? కథ మధ్యలో అడ్డురాకు. దుప్పటి కప్పుకుని ఊఁ కొట్టు.

వరాలమ్మది పొలం పని చేసిన చెయ్యి. ఊరొదిలి వచ్చినంత మాత్రాన ఆ చెయ్యి ఊరుకుంటుందా? జనం పారేసిన రంగు బకెట్లు ఏరుకొచ్చింది. నెత్తిమీద తట్టతో మట్టి మోసుకొచ్చింది, నాలుగంతస్తులూ మెట్లెక్కి. లిఫ్టు లేదా అంటావా? ఉంది. మట్టి తట్టతో ఎక్కకూడదన్నారు! రెండో అంతస్తు వాళ్ళ కుక్క ఎక్కొచ్చట, వరాలమ్మ తట్ట ఎక్కకూడదట. ఒళ్ళు మండదూ?

అప్పుడు బకెట్లలో మిరప మొలిచింది. ఆ తర్వాత గోంగూర. ఆ తర్వాత డాబా చివర బూడిద గుమ్మడి పాదు. ఈ పట్నంలో నాదీ అని చెప్పుకోడానికి వరాలమ్మకి ఉన్నవి ఆ బకెట్లే తల్లీ.

డాబా కింద అంతస్తులో మూడిళ్ళు. ఒకటి జగ్గారావుగారిది. ఆ మేడకంతటికీ సెక్రటరీ ఆయనే. రెండోది బ్యాంకులో పనిచేసే సుగుణమ్మది. మూడో ఇంట్లో ఒకావిడ ఉండేది, మహా నోరుగల మనిషి. పాలవాడు గరిటెడు తక్కువ పోస్తే వీధి వీధంతా వినపడేలా కడిగేసేది.

ఎండాకాలం వచ్చింది. వరాలమ్మ మిరపకాయలు మజ్జిగలో ఊరేసి, ఎండబెట్టి, మూడిళ్ళకీ మూడు గిన్నెలు పంపింది. వానాకాలం వచ్చింది. గోంగూర పచ్చడి నూరి మూడు గిన్నెలు పంపింది. చలికాలం వచ్చింది. గుమ్మడికాయ ముక్కలు కోసి, ఉప్పేసి మూటగట్టి, మినప్పిండిలో కలిపి వడియాలు పెట్టింది. మళ్ళీ మూడు గిన్నెలు.

మూడిళ్ళ వాళ్ళూ లొట్టలేసుకుంటూ తిన్నారు. గిన్నె ఒట్టిది తిరిగివ్వకూడదు కదా, గుప్పెడు పంచదారో రెండు అరటిపళ్ళో వేసి పంపేవాళ్ళు.

మరుసటేడు పాదుకి ఒకే ఒక్క కాయ నిలిచింది. వరాలమ్మ రోజూ పొద్దున్నే దాన్ని తడిమి చూసుకునేది. కాయ ముదిరితే పైన తెల్లగా బూడిద పడుతుంది. అప్పుడే కొయ్యాలి, అప్పుడే వడియాలకి పనికొస్తుంది.

అప్పుడు జగ్గారావుగారి హాల్లో, పైకప్పుకి చెమ్మ మరక కనిపించింది. "ఆ బకెట్ల వల్లే కారుతోంది. అన్నీ తీసెయ్యాలి" అన్నాడు. మరకేమో ట్యాంకు కింద! బకెట్లేమో డాబా ఆ చివర! చెమ్మ కాళ్ళొచ్చి నడిచెళ్ళిందా?

మీటింగు పెట్టారు. వరాలమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. "బాబూ, కాయకి బూడిద పట్టేదాకా ఆగండి బాబూ. ఒక్క నెల్లాళ్ళు" అంది. అప్పన్న ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాడు, ఉద్యోగం పోతుందని.

సుగుణమ్మ గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. మూడో ఇంటావిడ పమిట సర్దుకుంటూ కూర్చుంది. మరకెక్కడో బకెట్లెక్కడో ఆవిడకి తెలీదూ? రోజూ ఆ డాబా మీద బట్టలారేసేది ఆవిడే! ఒక్క మాటంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? పాలవాడి మీద లేచే నోరు ఆ రోజేమైంది? పొద్దున తిన్న గోంగూర పచ్చడి ఇంకా నాలిక మీదే ఉంది కదా! ఛీ, అదీ ఒక నోరేనా!

మర్నాడే బకెట్లు దింపేశారు. మట్టి పారబోశారు. పాదు పీకేశారు. జగ్గారావుగారు దగ్గరుండి అన్నీ చేయించి, ఆ పచ్చికాయ మాత్రం చంకన పెట్టుకుని దిగాడు. దిష్టికి పనికొస్తుందట! మరక కనపడకుండా ఇల్లంతా కొత్త రంగు వేయించాడులే, నలుగురి కళ్ళూ పడతాయని భయం. కాయకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ఉట్టిలో పెట్టి గుమ్మానికి వేలాడదీశాడు. వరాలమ్మ రోజూ మెట్లు తుడుస్తూ దాని కిందనుంచే వెళ్ళేది.

బూడిదైనా పట్టని లేత కాయ, గుమ్మానికి కడితే ఎన్నాళ్ళుంటుంది? మొదటి వారం మెత్తబడింది. రెండో వారం నల్లబడింది. మూడో వారం జగ్గారావుగారు తెల్ల లాల్చీ తొడుక్కుని, పెళ్ళికి బయల్దేరి తలుపు తీశాడు. థప్పున నెత్తిమీద పడింది! లాల్చీ అంతా కుళ్ళునీళ్ళు. కారుతోంది కారుతోందని గోలపెట్టిన పెద్దమనిషి, తను కట్టుకున్న కాయ కిందే తడిశాడు. నవ్వు, బాగా నవ్వు.

ఆ తర్వాత, కట్టిన కాయ కుళ్ళితే అరిష్టమని వాళ్ళావిడ ఏడుపు మొదలెట్టింది. జగ్గారావుగారు డాబా ఎక్కాడు. "వరాలమ్మా, గదిలో ఇంకో కాయేమన్నా దాచావా? ఉంటే ఇయ్యి" అన్నాడు. హవ్వ! అడగడానికి నోరెలా వచ్చిందో! వరాలమ్మ బోసిగా ఉన్న డాబా వైపు చెయ్యి చూపించి, చీపురు తీసుకుని తన పని తను చేసుకుంది.

మూడో ఇంటావిడ అప్పుడక్కడే బట్టలారేస్తోంది. అంతా చూసింది. కిందికి దిగి ఇంట్లోకొస్తే, అలమరలో వరాలమ్మ గిన్నె ఒకటి కనిపించింది. గోంగూర తెచ్చిన గిన్నె, ఇంకా తిరిగివ్వనేలేదు.

"ఎవరమ్మమ్మా ఆ మూడో ఇంటావిడ?"

ఎవరేమిటే. నేనే.

అలా చూస్తావేం? నా మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గిన్నెలో పంచదార పోశాను, మనసొప్పక తీసేశాను. అరటిపళ్ళు పెట్టాను, తీసేశాను. అప్పుడు గింజలు గుర్తొచ్చాయి. ముందేడు వడియాలకి వరాలమ్మతో కూర్చుని ముక్కలు కోసినప్పుడు తెచ్చి ఎండబెట్టినవి. వేయించుకు తిందామనే దాచాను, గొప్పలు చెప్పను. అవి గిన్నెలో పోసుకుని డాబా ఎక్కాను.

వరాలమ్మ గిన్నెలోకి చూసింది. "ఇప్పుడివి నేనెక్కడ వెయ్యనమ్మా?" అంది.

"మా ఇంటి నెత్తిమీద వెయ్యి. కారితే నా నెత్తినే కారుతుంది" అన్నాను. ఆ తర్వాత జగ్గారావుగారి తలుపు కొట్టి ఆయనతోనూ అదే అన్నాను, పాలవాడి మీద అరిచే గొంతుతో. వీధి వీధంతా విన్నది. ఆయన సరే సరేనంటూ తలుపేసుకున్నాడు. చూశావా, అంతే పని! అదేదో మీటింగు రోజే అనుంటే, ఆ పాదు బతికేది.

తొలకరికి గింజలు మొలిచాయి. ఇవాళ సాయంత్రం నువ్వు చెంబుతో నీళ్ళు పోశావే, అది ఆ పాదుకి మనవరాలు. రేపు పొద్దున్నే వరాలమామ్మతో వెళ్ళి కాయని తడిమి చూడు. బూడిద పట్టకముందే ఎవరైనా కోయడానికొస్తే, నాలా పమిట సర్దుకుంటూ కూర్చోకు. గట్టిగా అరువు.

పాదు పందిరికి,
కథ కంచికి,
వడియం కంచానికి,
మనం మంచానికి.