మగ్గం గుంట భయమును బాపిన తెలివితల్లి నోము

అక్షింతలు చేతబట్టుకొని, పిల్లలను సద్దు చేయనీయక వినుడు. ఇంట మతి చెదిరినవారుంటే గదిలో పెట్టి గొళ్లెము వేసి రాకూడదు. వారిని తెచ్చి ముందు వరుసను కూర్చుండబెట్టిన పిమ్మటనే ఈ కథ మొదలుపెట్టవలెను.

పూర్వము ఆర్జవ మహాముని ఆశ్రమమునకు శాంతశీలుడను ముని వచ్చి నమస్కరించి, ఒంటికి వచ్చిన జబ్బును ఊరంతయు చెప్పుకొను మనుష్యులు మనసుకు వచ్చిన జబ్బును దొంగసొత్తువలె దాచుచున్నారనియు, కలియుగమున ఈ దాపరికము మరింత ముదురునని వింటిననియు, దీనికి తరణోపాయము చెప్పుమనియు వేడెను. ఆర్జవుడు చాలసేపు కన్నులు మూసికొని, జరుగబోవునది తనకు జరిగినట్లే కనబడుచున్నది గనుక జరిగినట్లే చెప్పెదనని పలికి, ఇట్లు చెప్పసాగెను.

కృష్ణ దిగువను పడుగులపాడను సాలెల ఊరు కలదు. అందు చెన్నమల్లు అను నేతగాడు, వాని భార్య భద్రమ్మ, తల్లి ఓబులమ్మ కాపురముండిరి. ఆ ఊర మగ్గమునకు నేలలో నడుములోతు గుంట తీయుదురు. నేయువాడు అంచున కూర్చుండి, కాళ్లు గుంటలోనికి వదలి, తొక్కుడుకర్రలు తొక్కుచు నేయును. చెన్నమల్లు నేసిన అంచు చూచి వంక పెట్టినవాడు లేకుండెను.

ఒకనాడు పట్టపగలు అతడు నేత ఆపి, కాళ్లు రెండును పైకి తీసికొని, మోకాళ్లు కావలించుకొని కూర్చుండెను. ఏమైనదని భద్రమ్మ అడిగెను.

"గుంటలో ఎవడో ఉన్నాడే. పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఇందాక కాలు పట్టుకున్నాడు" అని అతడు గొంతు తగ్గించి చెప్పెను.

ఆమె నవ్వి, వంగి చూచెను. తొక్కుడుకర్రలు, నూలు నలుసులు తప్ప అందేమియు లేవు. తల ఎత్తేసరికి అతడు ఆమెనే చూచుచుండెను. ఆ చూపు పెండ్లినాటినుండి ఆమె ఎరుగనిది. నవ్వు పెదవులమీదనే ఎండిపోయెను.

అది మొదలు అతడు చెవులలో నూలు కుక్కుకొనసాగెను. భార్య ముద్ద తిని చూపిన గాని అన్నము ముట్టడాయెను. కొన్నాళ్లకు ఆమె తిన్న ముద్దను గూడ నమ్మడాయెను. భద్రమ్మ ఎవరికైన చెప్పుదమనగా ఓబులమ్మ ఆమె నోరు మూసెను.

"బయట పెట్టావంటే రేపు మన పడుగు ఎవడు పట్టుకుంటాడే? నలుగురూ రాకపోతే మగ్గం ఎక్కేదెట్టా? గదిలో ఉండనీ. తగ్గుద్ది."

పడుగనగా నిలువు పోగుల వరుస. దానిని వీధి పొడుగున సాగదీసి గంజి పెట్టవలెనన్న ఇరుగుపొరుగు చేతులు పది కావలెను. ఆ చేతులకు భయపడి వారు చెన్నమల్లును గదిలో దాచిరి. దాచిన జబ్బు దాగునా? ఒక వేకువను వీధిలో పడుగు సాగియుండగా అతడు గది తలుపు విరుగదన్ని వచ్చి, ప్రతి పోగులోను తన పేరే పలుకుచున్నదని కేకలు వేయుచు కత్తితో పడుగును నడిమికి కోసెను. పిల్లలు అరుగులెక్కి ఏడ్చిరి. తల్లులు తలుపులు వేసికొనిరి.

"గాలి సోకింది" అని ఒకరనిరి. "చేతబడి" అని మరియొకరనిరి. ఎదురింటి కోటిలింగము మాత్రము, "ఏం లేదబ్బాయ్, బుర్రలో పోగు తెగింది, అతుకేస్తే సరి" అని చమత్కరించెను. వీధివారందరును నవ్విరి. మరునాటినుండి భద్రమ్మ ఇంటి పడుగు పట్టుటకు ఒక్క చేయియు రాలేదు. బావివద్ద ఆమె చేదను ముట్టుకొన్నవారును లేరు. మగ్గము బూజు పట్టెను.

అప్పుడు కులపెద్దలు తీర్మానించి చెన్నమల్లును గుట్టమీది మఠమునకు కొనిపోయి, గాలి వదలుటకు నలుబది దినములుండవలెనని స్తంభమునకు గొలుసుతో కట్టించిరి. భద్రమ్మ అన్నము పట్టుకొని పోయి చూడగా, వాని చీలమండలు పుండ్లు పడియుండెను. అతడు గొలుసు చప్పుడు కాకుండ దగ్గరకు జరిగి, "భద్రా, వాడు ఇక్కడికి కూడా వచ్చాడే. నేను కదల్లేనని వాడికి తెలిసిపోయింది" అని చెవిలో చెప్పెను.

ఆ మాట విని ఆమె పెనిమిటిని ఆ స్తంభమువద్దనే పోగొట్టుకొందునని తలచి, మెట్లమీద కూలబడి ఏడ్చుచుండగా, నూలు చుట్టిన కండెల బుట్ట నెత్తిన పెట్టుకొని ఒక పండుముత్తైదువ వచ్చి ప్రక్కన కూర్చుండెను.

"ఏందమ్మాయ్, మొగుడు బతికుండగానే ఏడుస్తున్నావ్? గొలుసిప్పించి పెద్దాసుపత్రికి తీసకపో. మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఉంది. ఆమె ఇచ్చిన మాత్ర తెలివితల్లి ప్రసాదం అనుకో."

పిదప ఆ అవ్వ నోము తీరు చెప్పెను. ఉదయము పీటమీద, మతిని కాచు దేవతయగు తెలివితల్లిని పసుపుముద్దగా నిలిపి, తమలపాకులో మాత్ర పెట్టి, వీధి అరుగుమీద నలుగురు చూచుచుండగా పేరు పెట్టి పిలిచి ఇయ్యవలెను. చాటుగా ఇయ్యరాదు. అన్నములో కలిపి మోసము చేయరాదు. గురువారమునాడు ఐదుగురిని పిలిచి, రోగిని వారి నడుమ కూర్చుండబెట్టి వడ్డింపవలెను. అతనికి ఏమి వినబడుచున్నదో అడిగి, నవ్వక వినవలెను. ఇట్లు చెప్పి అవ్వ బుట్ట ఎత్తుకొని పోయెను.

భద్రమ్మ మఠమువారి కాళ్లు పట్టుకొని గొలుసు విప్పించి, పెనిమిటిని డాక్టరమ్మకు చూపి మాత్రలు తెచ్చి, అవ్వ చెప్పినట్లే చేసెను. మొదటి గురువారము పిలిచిన ఐదుగురిలో ఒక్కరును రాలేదు. ఆమె వారికి ఐదు ఆకులు వేసి, వాటి నడుమ మరియొక ఆకు ముందు పెనిమిటిని కూర్చుండబెట్టి వడ్డించెను. నెల తిరుగువేళకు గుంటలోని గొంతు సన్నగిల్లెను. మూడవ నెలలో చెన్నమల్లు కాళ్లు గుంటలోనికి వదలెను. పడుగు పట్టుటకు ముందుగా ఒకరు, వెనుక ఇద్దరు వచ్చిరి. కోటిలింగమును చూచి చెన్నమల్లు, "అతుకు బాగానే పడిందా మామా?" అనగా అతడు సిగ్గుపడి గంజికుంచె అందుకొనెను.

ఇక్కడ తప్పు జరిగెను. నోమన్న పిదప ఉద్యాపన చేసి ముగింపవలెను గదా అని ఓబులమ్మ పట్టుబట్టెను. వాడు బాగుపడెను, నోము ఫలించెను, ఇంకను మాత్రలెందుకనెను. భద్రమ్మకు మనసొప్పలేదు. అయినను వీధివారందరును ఔననిరి. పసుపుముద్దను, కలశపు కొబ్బరికాయను, వాడిన పూలను, మిగిలిన మాత్రలనన్నిటిని చేటలో పెట్టి, మేళముతో కాలువకు పోయిరి. భద్రమ్మ తన చేతులతోనే వాటిని నీటిలో వదలెను. మాత్రలు తెల్లగా కొంతదూరము కనబడి మునిగిపోయెను.

ఇరువది దినములు కాలేదు. ఒకనాటి ఉదయము పెనిమిటి నలతగా నున్నాడని భద్రమ్మయే మగ్గమెక్కి నేయుచుండెను. పోగును అటునిటు నడుపు నాడెకర్ర గుంటలో జారిపడగా లోనికి దిగి, వంగి వెదకుచుండెను. పైన వెలుతురు తగ్గెను. తలెత్తి చూడగా చెన్నమల్లు గుంటను మూయు చెక్కపలకలలో ఒకదానిని మీదికి లాగుచుండెను. చెవులలో నూలు కుక్కియుండెను.

"నేనయ్యా, భద్రని!" అని ఆమె అరచెను.

"దాని గొంతు కూడా నేర్చావుట్రా?" అని అతడు రెండవ పలక లాగెను. చేతిలో రోకలి యుండెను.

ఆమె ఎవడును లేడని అరవబోయి, అవ్వ మాట తలచుకొని ఆగెను.

"నీకు వాడు వినపడుతున్నాడా? నాకు వినపడటంలా. నీకు వినపడుతుంటే ఎంత భయమేస్తుందో! ఏమంటున్నాడయ్యా?"

రోకలి నిలిచిపోయెను. అతడు, "నిన్ను మింగానంటున్నాడే" అని వెక్కివెక్కి ఏడ్చెను.

"మింగలా. చెయ్యివ్వు, పైకొస్తా. చూద్దువుగాని."

అతడు చేయి ఇచ్చెను. అరుపు విని తాళ్లతో వచ్చినవారిని భద్రమ్మ గడపలోనే నిలిపి, తాడు అక్కరలేదు, తోడు రండని అడిగెను. కోటిలింగము తాడు పారవైచి ముందుగా నడచెను. అందరును ఆసుపత్రికి పోయిరి. డాక్టరమ్మ కథ విని తల పట్టుకొని, మరల మందు వ్రాసి, తాను మానుమనువరకు మానరాదని ఓబులమ్మచేత ఒప్పించెను. ఆసుపత్రి కుళాయివద్ద కండెల బుట్టతో నిలిచిన అవ్వ భద్రమ్మను చూచి మండిపడెను.

"ఉద్యాపన చెయ్యమని ఎవరు చెప్పారే? రోజూ తింటున్నావుగా, అన్నానికి ఉద్యాపన చేశావా?"

భద్రమ్మ కాళ్లమీద పడి లేచేసరికి అవ్వ లేదు.

మునీ, గుంటలోనివాడు పూర్తిగా పోయెనని నేను చెప్పను. ఏడాదికొకమారు మెల్లగా పిలుచుచునే యుండెను. అట్టి దినమున చెన్నమల్లు నేత ఆపి, "వచ్చాడే" అని భార్యకు చెప్పును. ఆమె చెప్పులు తొడుగుకొని, "పద, పోదాం" అనును. అంతే. మగ్గమాడెను, ఇల్లు నిలిచెను అని ఆర్జవుడు ముగించెను.

ఈ నోమును గొంతులు వినువారును, కారణము లేక ఏడ్చువారును, బాలింతలై బిడ్డను చూచి బెదరువారును, వారిని కన్నవారును, కట్టుకొన్నవారును చేయవలెను. వీధిలో నిలబడి నవ్వినవారు రెండింతలు చేయవలెను. చేసినవారింట గొలుసు చప్పుడు వినబడదు, పిలిచిన బంతికి మనుషులు వత్తురు. చాటుగా చేసినవారికి ఫలము లేదు. కథ విన్న అక్షింతలు పెద్దల తలమీదగాక, మొదట రోగి తలమీద వేయుడు. పేరు పెట్టి పిలువుడు. నీళ్లును మాత్రయును చేతికియ్యుడు. రేపును ఇయ్యుడు.