మల్లెమడుగు చినదొరగారు

వేదాద్రి శాస్త్రులుగారిని ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. భుజం మీది ఉత్తరీయం తీసి, మడత విప్పి, మళ్ళీ మడిచి వేసుకునేవారు. ఈలోగా అడిగినవాడికి తన ప్రశ్న మీద తనకే అనుమానం వచ్చేది. కూర్మయ్య అడిగిన రోజున మాత్రం ఆయన చెయ్యి ఉత్తరీయం దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆయన శిష్యులమైన మా అందరిలోకీ కూర్మయ్య పెద్దవాడు, సంసారి. అంతకు కొద్ది రోజుల ముందే అతని తమ్ముడు పోయాడు. ఆ పిల్లవాడు పుట్టినప్పటినుంచీ మంచం మీదే పెరిగి, మీసం రాకముందే వెళ్ళిపోయాడు. కర్మకాండ ముగించుకుని వచ్చిన కూర్మయ్య గురువుగారి ఎదుట కూర్చుని, తల ఎత్తకుండానే అడిగాడు.

"చదువు లేదు, పెళ్ళి లేదు, చేసిన పని ఒక్కటి లేదు. మొదలుకాకుండానే ముగిసిపోయే బతుకు దేనికి గురువుగారూ? వాడసలు ఎందుకు పుట్టినట్టు?"

శాస్త్రులుగారు తన పడుచు రోజుల సంగతి ఒకటి చెప్పారు.

అప్పుడే చదువు ముగించిన ఆయనకు తూర్పు కొండల అంచున మల్లెమడుగు అనే చిన్న సంస్థానంలో కొలువు దొరికింది. దొరగారి ఒక్కగానొక్క కొడుకు వసంత భూపతికి నీతిశాస్త్రం చెప్పాలి. ఊరంతా ఆ పిల్లవాణ్ణి చినదొరగారు అనేది. పుట్టుకతోనే ఉబ్బసం, పైగా గుండె బలహీనం. కోటలో వీధివైపు మేడగదిలో, కిటికీలు ఓరగా మూసి, దిళ్ళకు ఆనించి కూర్చోబెట్టేవారు. పాఠం మధ్యలో ఆపి, "శాస్త్రులుగారూ, ఈ శ్లోకం రాజుకా, రోగికా?" అని అడిగేవాడు. "రాజుకే బాబుగారూ" అంటే, "అయితే రోగికి పనికొచ్చేది ముందు చెప్పండి" అని నవ్వేవాడు. నవ్వితే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. అయినా నవ్వడం మానలేదు.

పెద్ద చప్పుళ్ళు ఆ గుండెకు మంచివి కావని వైద్యులు అన్నారు. అప్పటినుంచి కోటవీధిలో మేళం మోగకూడదని దొరగారు ఆజ్ఞ వేశారు. కమ్మరి కొలిమిని ఊరవతలికి మార్పించారు. కూరగాయలవాళ్ళు కేకలు మానేసి, గుమ్మాల ముందు బుట్టలతో ఊరికే నిలబడేవారు. ఎవరూ గొణగలేదు, పిల్లవాడంటే అందరికీ ప్రాణం. మల్లెమడుగు మెల్లగా నడవడం, మెల్లగా మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఊళ్ళంటే ఇలాగే ఉంటాయని చినదొరగారు అనుకునేవాడు.

ఒక ఉదయం పాఠం వింటూ కిటికీ సందులోంచి వీధిలోకి చూశాడు. జనం తల వంచుకుని పోతున్నారు. ముందు నడిచే మనిషి చంకలో గుడ్డ చుట్టిన సన్నాయి ఉంది. డోళ్ళ మీద కంబళ్ళు కప్పి ఉన్నాయి.

"ఎవరు పోయారు?" అని అడిగాడు.

"ఎవరూ పోలేదు బాబుగారూ. అది పెళ్ళి. వెనక పల్లకీలో పెళ్ళికూతురు ఉంది."

పిల్లవాడు పల్లకీ కనుమరుగయ్యేదాకా చూసి, గురువువైపు తిరిగాడు. ఇక దాచడం శాస్త్రులుగారి వల్ల కాలేదు. ఆజ్ఞ సంగతంతా చెప్పేశారు. ఆ రోజు పాఠం సాగలేదు.

సాయంత్రం దొరగారు, రాణిగారు చూడటానికి వచ్చినప్పుడు చినదొరగారు ఆజ్ఞ ఎత్తెయ్యమని అడిగాడు. దొరగారు ఒప్పుకోలేదు. "నీ ఊపిరికంటే వాళ్ళ సన్నాయి ఎక్కువా నాయనా?" అన్నారు.

"ఊరంతా నాకోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే, నేనెలా తీసుకోను నాన్నగారూ?"

దొరగారు బయటికి వెళ్ళిపోయారు. రాణిగారు మాత్రం శాస్త్రులుగారిని నిలదీశారు. "వందేళ్ళు ఈ ఊళ్ళో మేళం మోగకపోయినా ఫరవాలేదు. నాకు నా కొడుకు కావాలి. మీరెందుకు చెప్పారు?" అన్నారు. తరవాత చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. కానీ పిల్లవాడు పట్టు విడవలేదు, మందు ముట్టనన్నాడు. చివరికి ఆజ్ఞ తొలగింది.

మొదటి ఊరేగింపు కోట దగ్గరకు వచ్చేసరికి వాయించేవాళ్ళు జంకారు. డోలును వేళ్ళ కొసలతో తట్టి, దాటిపోబోయారు. మేడమీదినుంచి కబురు వచ్చింది. "పెళ్ళికి ఎలా వాయిస్తారో అలా వాయించమన్నారు." అప్పుడు వాయించారు. చినదొరగారు గురువుగారి చెయ్యి పట్టుకుని అరచేతిలో తాళం వేశాడు. ఒక్క దెబ్బా సరిగ్గా పడలేదు. ముఖం మాత్రం వెలిగిపోయింది.

ఆ వేసవి సంగతి చెబుతున్నప్పుడు శాస్త్రులుగారి గొంతు మెత్తబడింది. కొలిమి మళ్ళీ వీధిలోకి వచ్చిందట. మామిడిపళ్ళమ్మే ఆవిడ చినదొరగారు వింటున్నారని తెలిసి, పళ్ళ పేర్లన్నీ రాగం తీసి మరీ కేక వేసేదట. పిల్లవాడు పైనుంచి బేరమాడేవాడట. "అంత సందడి నేను మళ్ళీ ఏ ఊళ్ళోనూ వినలేదు" అన్నారు.

వానలు మొదలయ్యాక జబ్బు ముదిరింది. ఒక తెల్లవారుజామున, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, చినదొరగారు కన్నుమూశాడు. మేళాలవల్లే ఇలా అయిందని కోటలో కొందరన్నారు. వానాకాలం ఎలాగూ దాటేవాడు కాదని వైద్యులు అన్నారు. దొరగారు ఏడాదిపాటు మేళాలు వద్దని చాటించారు. ఈసారి చాటింపు కూడా అక్కర్లేకపోయింది, ఊరు తనంతట తానే మూగబోయింది.

కొన్నాళ్ళకు, అంతకుముందే ముహూర్తం పెట్టుకున్న ఒక పెళ్ళివారు కోటవీధిలోకి వచ్చారు. మళ్ళీ సన్నాయికి గుడ్డ, డోళ్ళకు కంబళ్ళు. కోటగుమ్మం దగ్గర శాస్త్రులుగారు నిలబడి చూస్తున్నారు. పైన కిటికీ రెక్కలు పూర్తిగా తెరుచుకున్నాయి. ఎన్నడూ వీధిన పోయేవాళ్ళ కంటపడని రాణిగారు అక్కడ నిలుచున్నారు.

"ఎందుకలా పోతున్నారు?" అని అడిగారు. ఎవరూ తలెత్తలేదు. "వాయించండి. నా కొడుకు ఊరు ఇది."

సన్నాయి మనిషి గుడ్డ విప్పాడు. మొదట ఏడుపు ఆపుకోలేక ఊదలేకపోయాడు. తరవాత ఊదాడు. ఊరేగింపు మలుపు తిరిగేదాకా రాణిగారు కదలలేదు. ఆ తరవాత చాటింపు సంగతి దొరగారూ ఎత్తలేదు.

శాస్త్రులుగారు అక్కడితో ఆపారు. కూర్మయ్య కళ్ళు తుడుచుకుని, "అయితే ఆయన పుట్టింది అందుకేనంటారా?" అన్నాడు.

"ఎందుకు పుట్టాడో నాకు తెలియదు నాయనా" అన్నారు గురువుగారు. "ఆయన ఉన్నప్పుడు నేను ఆ ఊళ్ళో ఉన్నాను. అది నా అదృష్టం."