నడిగెడ్డ వారధమ్మ తలుపు

కొండల నడుమ పారే నడిగెడ్డ మీద, తురాయివలసకూ జోడుపాడుకూ మధ్య, పెంకుల కప్పు ఉన్న కొయ్య వంతెన ఒకటి ఉన్నది. భక్తులు దాని నడుమకు చేరగానే ఆశ్చర్యపోతారు. అక్కడ విగ్రహం లేదు. గొళ్ళెం ఊడని పాత మద్దికర్ర తలుపు ఒకటి నిలబెట్టి ఉంటుంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, దానినే వారధమ్మ తల్లిగా కొలుస్తారు.

పూర్వం ఇక్కడ కప్పులేని దుంగల వంతెన ఉండేది. ఒకసారి పుచ్చిన దుంగ విరిగి గేదె ఒకటి గెడ్డలో పడి చనిపోగా, తప్పు మీదంటే మీదని రెండూళ్ళూ పోట్లాడుకున్నాయి. అప్పటినుండి ఎవరి ఒడ్డు వైపు వారే బాగుచేసుకునేవారు. నడిమి భాగం ఎవరిదీ కాక క్రమంగా ఊడిపోయింది. వేసవిలో జనం గెడ్డలో దిగి దాటేవారు. వానాకాలంలో రాకపోకలే ఉండేవి కావు.

తురాయివలస వడ్రంగి పైడన్న తన కుమార్తె అసిరమ్మను జోడుపాడుకు ఇచ్చాడు. తొలిచూలు పురిటికి ఆమెను పుట్టింటికి పంపాలని అత్త గవరమ్మ వెంటబెట్టుకుని బయలుదేరింది. దారిలో వాన పట్టుకున్నది. గెడ్డ పొంగడంతో దిగి దాటే వీలులేక వంతెన ఎక్కారు. వంతెన మీద, ఆ ఖాళీ దగ్గరే అసిరమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

"అత్తా, ఇంక నడవలేను."

"నడవొద్దమ్మా. నా ఒళ్ళో తల పెట్టుకో" అని గవరమ్మ ఆమెను కూర్చోబెట్టి, అవతలి ఒడ్డున ఎదురుచూస్తున్న పైడన్నకు వినబడేలా కేకవేసింది. "అన్నయ్యా, పిల్లకు కష్టంగా ఉంది. మంత్రసానిని పంపు."

మంత్రసాని వచ్చింది గానీ ఖాళీ దాటే మార్గం లేదు. పలక కోసేంత వ్యవధి లేదు. పైడన్న ఇంటికి పరుగెత్తి, తన వీధి తలుపును ఊడబెరికి మోసుకొచ్చి ఆ ఖాళీ మీద పరిచాడు. ముందు తానే దాని మీదికి పాకి, వెనక్కి చేయి చాచి మంత్రసానిని దాటించాడు. అది చూసి రెండు ఒడ్లవారూ వానకు అడ్డుపెట్టుకునే తాటాకు గిడుగులతో వచ్చారు. మగవారు వీపులు తిప్పి నిలబడి, గిడుగులను అంచుకు అంచు కలిపి ఆమెపై పందిరిగా పట్టారు. ఆ నీడలో ఆడపిల్ల పుట్టింది.

మరునాడు వేకువజామున పైడన్నకు కల వచ్చింది. తలుపులేని గుమ్మంలో, తడిసిన చీరతో ఒక స్త్రీ నిలబడి ఉన్నది.

"నీ తలుపులో నేనున్నాను. పిల్లకు గిడుగులు పట్టినవారు ఇళ్ళకు వెళ్ళిపోయారు. నేను తడుస్తున్నాను" అన్నదట.

ఆ మాట విని రెండూళ్ళవారూ కొత్త వంతెన కట్టి, దానికి కప్పు వేయడానికి ఒప్పుకున్నారు. ఎవరి సగం వారు కప్పుకోవాలని పెద్దలు తీర్మానించబోగా గవరమ్మ అడ్డుపడింది.

"మన సగం మనమే కప్పుకుంటే మళ్ళీ నడుమ ఖాళీయే మిగులుతుంది. వాళ్ళది మనం కప్పుదాం, మనది వాళ్ళు కప్పుతారు."

పైడన్న ఆ తలుపును వంతెన నడుమ నిలిపి, తన గుమ్మానికి మరి తలుపు పెట్టుకోలేదని చెబుతారు.

నేటికీ తొలకరికి ముందు ఒక ఊరివారు రెండవ ఊరివారి సగానికి పెంకులు సర్దుతారు. పురిటికి వెళ్ళే కోడలిని అత్తింటివారు ఇక్కడికే తీసుకువచ్చి, అమ్మవారి ఎదుట పుట్టింటివారికి అప్పగిస్తారు. అలా వెళ్ళినవారు పండంటి బిడ్డతో తిరిగివస్తారని నమ్మకం. వానకు ఈ కప్పు కిందికి వచ్చినవారు ఎవరైనా సరే, ఏ ఊరని అడగరు. ఇంకొకరికి చోటిచ్చి పక్కకు జరుగుతారు.