సగం అక్షరం

మృణాళిని గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆ రోజే జవాబు చెప్పేవారు కాదు. ఒక మ్యూజియంలో నాణేల విభాగాన్ని చాలాకాలం చూసి రిటైరయ్యాక, బర్కత్‌పురాలోని తమ ఇంట్లో ప్రతి ఆదివారం నలుగురైదుగురికి నాణేలు చూడటం నేర్పేవారు. వాళ్ళలో రఘోత్తం ఒకడు. బేగంబజార్‌లో అతనికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. మొదట పెట్టుబడి కోసమని నాణేలు కొన్నాడు. కొన్నాక వాటి మీద మోజు పుట్టి ఆమె దగ్గర చేరాడు.

ఒక ఆదివారం అతను కొంత విసుగ్గానే అడిగాడు.

“మేడమ్, ఇప్పుడు ఎవరూ నాణెం చూసి కొనడం లేదు. గ్రేడింగ్ కంపెనీకి పంపితే అసలుదో నకిలీదో వాళ్ళే తేలుస్తున్నారు. ఎంత బాగా నిలిచిందో చూసి డెబ్భైకి ఇన్ని అని మార్కు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు చేస్తున్నారు. ఎక్కడో పుణెలో ఉన్నాయన ఫోన్లో ఆ మార్కు చూసి ఇక్కడి నాణేన్ని కొనేస్తున్నాడు. ఒక్క మార్కు తేడాతో ధర ఎక్కడికో పోతోంది. ఇంకా నేను భూతద్దం పట్టుకుని మీ దగ్గర నేర్చుకోవలసింది ఏముంది?”

తక్కిన శిష్యులు ఆమె ముఖం వైపు చూశారు. ఆమెకు కోపం రాలేదు. “అడగవలసిన ప్రశ్నే” అని, చేతిలో ఉన్న నాణేన్ని పక్కవాళ్ళకు అందించి పాఠం కొనసాగించారు.

కొన్నాళ్ళకు మరో ఆదివారం పాఠం వేళ సంగారెడ్డి నుంచి ప్రమీల అనే ఆమె ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఎంబ్రాయిడరీ మెషిను కొనుక్కుని సొంతంగా షాపు పెట్టాలని ఆమె కోరిక. అందుకోసం నాయనమ్మ ఇచ్చిపోయిన వెండి రూపాయిని అమ్మాలనుకుంటోంది. కొంగు ముడి విప్పి దాన్ని బల్ల మీద పెట్టింది. నిజాం కాలపు రూపాయి. మధ్యలో చార్మినార్ బొమ్మ. కొత్త గిన్నెలా తళతళలాడుతోంది.

మృణాళిని గారు దాన్ని అంచులు పట్టుకుని తీసుకున్నారు. భూతద్దం కింద చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

“దీన్ని తోమారా అమ్మా?”

“మా నాయనమ్మ ప్రతి దీపావళికి లక్ష్మీపూజల పెట్టేటప్పుడు చింతపండు రాసి తోమేది. ఏం, తోమొద్దా?”

“తోమితే పైపొర పోతుంది. ధర తగ్గుతుంది.”

ప్రమీల ముఖం వాడిపోయింది. “ఒకాయనేమో మంచిగ మెరుస్తున్నది, రేటొస్తదన్నడు. ఇంకొకాయన ఇది దొంగ రూపాయి, వెండి తూకానికి ఇస్తే తీస్కుంటనన్నడు. మీరేమో తోమి పాడు చేసిండ్రంటున్నరు. నేనెవర్ని నమ్మాలె మేడమ్?”

“నన్ను కూడా నమ్మొద్దు. గ్రేడింగుకు పంపిద్దాం. వాళ్ళు ఏం రాస్తే అది” అన్నారు మృణాళిని గారు. ఎలా పంపాలో చెప్పి, ప్యాకెట్టు తామే దగ్గరుండి కట్టించారు.

ఆమె వెళ్ళాక రఘోత్తం ఉండబట్టలేక అన్నాడు. “మీరు చూసి చెప్పాక మళ్ళీ వాళ్ళ దగ్గరికెందుకు మేడమ్? మీ మాట కంటే వాళ్ళ మాట ఎక్కువా?”

“ఆమెకు నేనెవర్ని? ఇద్దరు దుకాణదారుల తర్వాత మూడో మనిషిని. కంపెనీ వాళ్ళకు ఆ రూపాయి ఎవరిదో తెలియదు, కొనేదెవరో తెలియదు. ఆమెకు ఇప్పుడు కావలసింది అటువంటి మాటే.”

రఘోత్తంకు ఆ జవాబు నచ్చింది. తను ఆదివారం అడిగిన దానికి కూడా ఇదే సమాధానమనుకుని ఊరుకున్నాడు.

నెల దాటాక రూపాయి తిరిగి వచ్చింది. ప్రమీల దాన్ని అలాగే పట్టుకుని బర్కత్‌పురా వచ్చేసరికి పాఠం ముగిసి రఘోత్తం ఒక్కడే మిగిలాడు. పారదర్శకమైన డబ్బీ, పైన తెల్లటి చీటీ. నిజాం పేరు, సంవత్సరం, అసలు నాణెమే అన్న మాట, దాని పక్కనే కడిగినది అన్న మాట. కడిగినదానికి మార్కు ఇవ్వరు గనుక మార్కు లేదు. మృణాళిని గారు చీటీ చదివి, “దొంగ రూపాయి కాదని తేలింది కదమ్మా, కూర్చో, టీ పెడతాను” అని వంటింట్లోకి వెళ్ళారు.

రఘోత్తం డబ్బీ చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ కిటికీ వెలుతురుకు వంచి చూశాడు. చార్మినార్ బొమ్మ గుమ్మంలో నిజాం పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. ఈ రూపాయి ముద్రించిన ఏడాది మొదట్లో వాడిన అచ్చులో ఆ అక్షరాన్ని సగమే చెక్కారు. తర్వాత అచ్చు మార్చి పూర్తిగా చెక్కారు. సేకరించేవాళ్ళు ఆ సగం అక్షరం కోసం ఏళ్ళ తరబడి వెతుకుతారు. వాళ్ళలో రఘోత్తం కూడా ఉన్నాడు. భూతద్దం పెట్టి చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అక్షరం సగమే ఉంది. చీటీ మీద ఆ సంగతి లేదు.

“అన్నా” అంది ప్రమీల, “కడిగిన దానికి ఎంతొస్తదో అంతే ఇచ్చి మీరే తీస్కోండ్రి. ఇగ నేను తిరగలేను.”

ఆ ధర అతని జేబులో ఉన్నదానికి మించదు. ఇందులో మోసం ఏముంది? అసలు నాణెమని కంపెనీ రాసింది. కడిగిందని కూడా వాళ్ళే రాశారు. ధర ఆమె అడిగిందే. రేపు ఎవరు నిలదీసినా చీటీ చూపించవచ్చు. లోపల మరుగుతున్న టీ వాసన వస్తోంది. చెయ్యి జేబు దాకా వెళ్ళింది.

వెళ్ళిన చెయ్యి ఖాళీగానే వెనక్కి వచ్చింది.

“ఆ ధరకు ఇవ్వకమ్మా” అన్నాడు. భూతద్దం ఆమె చేతికిచ్చి, గుమ్మం ఎక్కడుందో, అక్షరం ఎక్కడ తెగిందో చూపించాడు. తన దగ్గరున్న మామూలు రూపాయి ఫొటో ఫోన్లో తీసి పక్కన పెట్టాడు. ఆమె చాలాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసింది.

“మరి డబ్బీ మీద రాయలేదేందన్నా?”

“ప్రత్యేకంగా అడిగితే చూసి రాస్తారు. మనం అడగలేదు. మళ్ళీ పంపి అడుగుదాం.”

“మీరే కొందామనుకున్నరు గద?”

“అనుకున్నాను.”

“మరి నాకెందుకు చెప్పిండ్రు?”

రఘోత్తం ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. మృణాళిని గారు టీ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇద్దరి ముఖాలూ ఒకసారి చూశారు.

రూపాయి మళ్ళీ వెళ్ళి, ఈసారి అక్షరం సంగతి కూడా చీటీ మీద రాయించుకుని వచ్చింది. హైదరాబాద్‌లో జరిగిన వేలంలో పెట్టారు. కడిగినదే అయినా ఐదారుగురు పోటీపడ్డారు. రఘోత్తం కూడా చెయ్యెత్తాడు కానీ కొంతదూరం వెళ్ళాక తన వల్ల కాదని దించేశాడు. పాట ముగిసింది. మెషిను ఒక్కటే కాదు, షాపు అడ్వాన్సు కూడా వచ్చేంత ధర పలికింది. వెళ్ళేటప్పుడు అతని దగ్గరికి వచ్చి, “మా షాపు తెరిచే రోజు మీరు రావాలె అన్నా” అని చెప్పి బస్సుకు పోయింది.

వేలం చూడటానికి వచ్చిన మేడమ్‌ను ఇంటి దగ్గర దింపడానికి రఘోత్తం కారు నడుపుతున్నాడు. రూపాయి చేజారిన బాధ కొంత ఉంది. అయినా మనసు తేలిగ్గా ఉంది.

“ఆ అక్షరాన్ని మీరు మొదటి రోజే చూశారు కదా మేడమ్?”

“చూశాను. ధర మాట వచ్చేవేళకు చెబుదామనుకున్నాను. టీ మరిగేలోపు నువ్వే చెప్పేశావు.”

“మరి కంపెనీ వాళ్ళు మొదట రాసింది తప్పేనంటారా?”

కారు ఇంటి ముందు ఆగింది. ఆమె తలుపు తీసుకుని దిగి, కిటికీ దగ్గర కాస్త వంగి, ఆ ఆదివారం అతను అడిగిన ప్రశ్నకు కూడా కలిపి జవాబు చెప్పారు.

“వాళ్ళు రాసిందంతా నిజమే, రఘోత్తం. నువ్వు నోరు విప్పకపోయినా అది నిజంగానే ఉండేది.”