సుర్మా పుల్ల, నీళ్ల తుపాకీ

కొండ మీది దర్గాలో కోతులతో హుస్సేనప్ప ప్రాణం విసిగిపోయింది. గురువారం ఫాతెహా ప్రార్థన చదివేలోపే, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీదా పళ్లెం ఖాళీ అయ్యేది. అవి కర్రకు బెదరవు, రాయి చూపిస్తే పళ్లికిలిస్తాయి.

చివరికి ఉరుసు అంగడిలో ప్లాస్టిక్ నీళ్ల తుపాకీ ఒకటి కొన్నాడు. ఇక కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టే. మూడు రోజులు అదే పరీక్ష. నిండా నింపితే నలభై దెబ్బలు. ధార పన్నెండు అంగల దూరం పోతుంది. మూత దగ్గర కాస్త కారుతుంది, గుడ్డ చుడితే సరి. లోపమల్లా ఒకటే. మామూలు నీళ్లకు కోతులు ఒళ్లు దులుపుకొని మళ్లీ వచ్చేవి. దానికీ మందు కనిపెట్టాడు. గురువారం పొద్దున మిరపపొడి కలిపిన నీళ్లు వడగట్టి పోశాడు.

ఆ గురువారం అతనికి పెద్ద రోజు. గురువు జమాల్ బాబా కళ్ల జబ్బులవాళ్లకు సుర్మా అనే కాటుక మందు పెడతాడు. నాలుగేళ్లుగా దాన్ని నూరుతున్నది హుస్సేనప్పే. ఆ సాయంత్రం నుంచి సుర్మా డబ్బా అతని చేతికిస్తానని బాబా మాట ఇచ్చాడు. అక్కడ నియమం ఒక్కటే. పెట్టేవాడు ముందు తన కంటికి పెట్టుకోవాలి, తర్వాతే ఎదుటివాళ్లకు.

మధ్యాహ్నం బాబా వచ్చేసరికి మలీదా పళ్లెం నిండుగా ఉంది.

"ఒక్క కోతీ దగ్గరికి రాలేదు బాబా! పన్నెండు అంగల నుంచి కొట్టినా. సూటిగా కంట్లోనే పడింది. ఇంత పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు."

బాబా తుపాకీ అందుకొని, మూత విప్పి వాసన చూశాడు. సుర్మా డబ్బాలోంచి ఇత్తడి పుల్ల తీసి ఆ నీళ్లలో ముంచాడు.

హుస్సేనప్ప నవ్వు ఆగిపోయింది. "ఏం చేస్తాండావు బాబా?"

బాబా కింది రెప్పను వేలితో లాగి పట్టుకున్నాడు. ఆయనకు ఒక కంటి చూపు ఏనాడో పోయింది. పుల్ల ఎత్తింది రెండో కంటికి. దాని కొసన ఎర్రటి చుక్క వేలాడుతోంది.

"వద్దు బాబా!" హుస్సేనప్ప మోకాళ్ల మీద పడి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ముసలి చెయ్యే గాని లొంగలేదు. పుల్ల రెప్పకు గోరంత దూరంలో ఆగింది. "కన్ను పోతాది!"

"ఎవరిది?" అన్నాడు బాబా.

బయట బండ మీద ఒక తల్లికోతి రెండు చేతులతో మొహం రుద్దుకుంటోంది. పొట్టకు కరుచుకున్న పిల్ల దాని మొహంకేసే చూస్తోంది. పొద్దున దాన్ని చూసి హుస్సేనప్ప నవ్వాడు. ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

తుపాకీని మూడుసార్లు కడిగాడు. మంచినీళ్లు నింపి ముందు తన కంట్లో కొట్టుకున్నాడు. మండింది. మళ్లీ కడిగాడు. ఆరోసారికి మండలేదు. అప్పుడు బండవైపు నడిచాడు.

సాయంత్రం బాబా అడిగాడు. "ధార ఎంత దూరం పోయింది?"

"కొట్టలేదు బాబా. తుపాకీ చూడంగానే వణికింది. మూత తీసి బండ గుంతలో నీళ్లు పోసి, చాటుకొచ్చినా. అప్పుడు మొహం ముంచింది."

"కండ్లు తెరిసిందా?"

"ఒకటి తెరిసింది."

బాబా గడపవైపు చూశాడు. గడప బయట కళ్ల జబ్బులవాళ్లు వరసగా కూర్చొని ఉన్నారు. ఆయన పుల్లను కడిగి, తుడిచి, డబ్బాతో పాటు అతని ముందుకు జరిపాడు.

హుస్సేనప్ప చెయ్యి ముందుకు రాలేదు.

"ముందు నీ కంటికి," అన్నాడు బాబా.