ఉంగరపు వేలు

నొప్పి దాచుకునే వాళ్ళంటే సూరిబాబుకి ఒళ్ళుమంట. విశ్వవిద్యాలయంలో అతని పరిశోధన సంగీతకారుల ఆరోగ్యం మీద. ఊరూరా తిరిగి నూట పన్నెండు మంది చేత ప్రశ్నల కాగితాలు నింపించాడు. నొప్పి ఉండి లేదని రాసినవాళ్ళు దొరికితే గంటసేపు నీతులు చెప్పి గానీ వదిలేవాడు కాదు.

ఇన్ని చెప్పే ఈ మహానుభావుడు, తన కుడి మణికట్టు రెండు నెలలుగా సలుపుతున్న సంగతి మాత్రం మూడో కంటికి తెలియనివ్వలేదు. శనివారం విజయనగరం కచేరీలో, తనకి మృదంగం నేర్పిన గురువు సన్యాసయ్య మాస్టారి పక్కన కూర్చుని మొదటిసారి వాయించాలి. పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన చోటది. నొప్పని నోరు జారితే ఇంకొకరికి పోతుంది.

ఆ బుధవారం సాధనకి కూర్చున్నాడు. ఉంగరపు వేలు పైకెత్తి ఉంచి, మిగిలిన వేళ్ళతో వాయించాడు. అది మాస్టారి బాణీ. ఆ వేలు దించి వాయించినవాణ్ణి ఆయన శిష్యులు తమలో కలుపుకోరు. ముగింపులో మూడుసార్లు వాయించే తీర్మానం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మొరాయించింది.

"ఏటయిందిరా?" అన్నారు మాస్టారు.

"ఏం లేదండి. రాత్రి నిద్ర చాల్లేదు."

ఆయన ఇంక రెట్టించలేదు. "నీ దగ్గర కాగితాలున్నాయి కదా, నాకొకటి ఇలా తే."

సూరిబాబు తెల్లబోయాడు. ఊళ్ళో వాళ్ళందర్నీ అడిగాడు గానీ, ఆయన్ని అడగాలని ఒక్కసారీ తోచలేదు. గురువుగారికి నొప్పేమిటి!

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా రాసి, కాగితం చేతికిచ్చారు.

"కుడి ఉంగరపు వేలు. ముప్పై ఒక్క ఏళ్ళుగా వంగదు. కచేరీలు పోతాయన్న భయంతో ఎవరికీ చెప్పలేదు."

సూరిబాబు రెండుసార్లు చదివాడు.

"మరి... అందరూ బాణీ అంటారు కదండీ?"

"అందరూ అన్నారు. మెచ్చుకుంటుంటే కాదనడానికి నోరు రాలేదు. వేలెత్తి వాయిస్తే భారమంతా మణికట్టు మీద పడతాది. నువ్వు నా వాయింపుతో పాటు నా నొప్పి కూడా నేర్చీసుకున్నావురా."

ముప్పై ఏళ్ళు కాపాడుకున్న పరువుని ఆ పెద్దాయన శిష్యుడి మణికట్టు కోసం కాగితం మీద పెట్టేశారు. సూరిబాబు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, సంచిలోంచి ఇంకో కాగితం తీసి పైన తన పేరు రాసుకున్నాడు.

శనివారం వేదిక మీద మాస్టారి పక్కన చాప పరిచి ఉంది. దాని మీద ఎవరూ లేరు. పాట పాడే ఆయన అటు చూసి, "ఇంకెవరైనా రావాలాండీ?" అని అడిగారు.

మాస్టారు మైకు దగ్గరికి లాక్కున్నారు.

"ఇది మా సూరిబాబు చోటు. చెయ్యి నొప్పి. నయమయ్యాక వచ్చి కూచుంటాడు. నాకూ నొప్పే. ముప్పై ఏళ్ళ కిందటే చెప్పవలసింది."

పాట మొదలైంది. ముందు వరుసలో సూరిబాబు కుడిచేతిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఎడంచేత్తో తాళం వేశాడు.